లెక్కలో ఒకరు ఎక్కువ

మారేడ్‌పల్లిలోని సూపర్‌మార్కెట్‌లో టీమ్ లీడర్ అప్రెంటిస్‌గా చేరి రెండు నెలలు కూడా కాలేదు, నాకు లెక్క తప్పడం మొదలైంది. లెక్కల టీచర్ కూతుర్ని నేను. మౌలాలి రైల్వే క్వార్టర్స్‌లో ఎక్కాలు వల్లిస్తూ పెరిగినదాన్ని. పదకొండు మందిని లెక్కపెట్టలేకపోవడం ఏమిటి, నా తలకాయ!

రోజూ ఎనిమిదింటికి బిల్లింగ్ కౌంటర్ల ముందు అందరూ వరసగా నిలబడతారు. అందరికీ ఒకటే ఆకుపచ్చ టీషర్టు, ఒకటే టోపీ. నేను వేలు చూపిస్తూ పైకి వినపడేలా లెక్కపెట్టాలి, రిజిస్టర్‌లో వేయాలి, ఎవరు ఏ వరసలో సరుకు సర్దాలో చెప్పి పంపాలి. రిజిస్టర్‌లో పదకొండు పేర్లు. నా వేలు మాత్రం రోజూ పన్నెండు దగ్గర ఆగేది. పేర్లు పిలిస్తే పదకొండు గొంతులే పలికేవి. అందరి ముందూ రెండోసారి లెక్కపెట్టడం నాకు నామోషీ. నోటితో పన్నెండు అని, చేత్తో పదకొండు వేసేదాన్ని.

ఇంకో సంగతి. నాలుగో వరసలో ఉప్పూ పప్పులూ ఉంటాయి. అక్కడికి నేను ఎవర్నీ పంపకముందే ప్యాకెట్లన్నీ అంచుకి జరిపి, పేర్లు బయటికి తిప్పి ఉండేవి. ఒకరోజు అరమీద చెయ్యి పెడితే తడి తగిలింది. ఎవరో అప్పుడే తుడిచి వెళ్లారు. వరసలో ఈ చివర నుంచి ఆ చివరకి ఒక్క మనిషి లేడు. ఫ్రిజ్‌ల హోరు తప్ప చప్పుడు లేదు. 

గేటు దగ్గరి సెక్యూరిటీ తాతకి చెబితే నవ్వాడు. "గీ జాగల ముందల నర్సింగ్ హోమ్ ఉండె మేడం. ఎవరన్న ఇంటికి పోవుడు మర్శిపోయిన్రేమో."

ఇంట్లో అమ్మ మాత్రం నవ్వలేదు. "దెయ్యమూ లేదు, ఏమీ లేదు. ప్రార్థన చేసుకుని పడుకో. రేపు కళ్లు చూపిద్దాం" అంది. చూపించుకున్నాను. కళ్లు బ్రహ్మాండంగా ఉన్నాయన్నారు. అప్పుడు నిజంగా భయమేసింది.

పైగా పరీక్ష దగ్గరపడింది. శిక్షణ సంస్థ నుంచి ఒక మేడం వచ్చి, పొద్దున లెక్కతో మొదలుపెట్టి రోజంతా నన్ను గమనిస్తుంది. ఆవిడ సరే అంటే టీమ్ లీడర్‌ని, కాదంటే మళ్లీ బిల్లింగ్ కౌంటర్ స్టూలు మీదికి. ఇక్కడికి రాకముందు ఇంకో బ్రాంచిలో నాలుగేళ్లు కూర్చున్నాను అలాంటి స్టూలు మీద. మేనేజర్ ముందే చెప్పేశాడు: "లెక్క తప్పినవనుకో, నేను సుత ఏం చెయ్యలేను. జెర చూస్కో." ఆ ఉద్యోగం నాకు కావాలి. ఇందులో దాపరికం ఏమీ లేదు, చచ్చేంత కావాలి.

పరీక్షకి రెండు రోజుల ముందు ముఖాలు వదిలేసి బూట్లు లెక్కపెట్టాను. పన్నెండు జతలు. చివరి జత మడమ దగ్గర చిరిగి ఉంది. ఆ బూట్ల వెనకే నడిచాను. అవి నాలుగో వరసలోకి తిరిగాయి. నలభై ఐదేళ్లావిడ ఉప్పు ప్యాకెట్లు సర్దుతోంది.

"అక్కా, మీ పేరేంటి?"

చెప్పింది. ఆ పేరు నాకు తెలుసు.

చేరిన మొదటి వారం మేనేజర్ నా చేతికి, మనుషుల్ని పంపే ఏజెన్సీ ఇచ్చిన పన్నెండు పేర్ల కాగితం ఇచ్చాడు. "ఒకరు ఎక్కువున్నరు, ఒక పేరు కొట్టేయ్. ఇది సుత ట్రైనింగే అనుకో." చాయ్ తాగుతూ చదివాను. ఒక పేరుకి ముఖం గుర్తు రాలేదు. దాన్నే కొట్టేశాను. చాయ్ ఇంకా వేడిగానే ఉంది.

"ఏజెన్సీవాళ్లు ఫోన్ల చెప్పిన్రు, రేపటి సంది రావద్దని" అంది ఆవిడ, ప్యాకెట్ తిప్పుతూనే. "యూనిఫాం బట్టలు ఇచ్చిపోదమని వచ్చి లైన్ల నిలబడ్డ. మీరు నా దిక్కు వేలు వెట్టి పన్నెండు అన్నరు. నన్ను ఉంచుకున్నరనుకున్న."

"మరి మీ పేరు పిలవలేదు కదా అక్కా?"

"రేపు పిలుస్తరేమో అని చూస్తున్న. ఇంట్ల చెప్పలే మేడం. గీ పని ఉంటేనే ఆడ నా మాట చెల్లుతది."

నెలన్నర. తక్కినవాళ్లు ఆవిడ ఇప్పుడు ఏదో సరుకుల కంపెనీ తరఫున సర్దడానికి వస్తోందనుకున్నారట. జీతం మాట నేను అడగలేదు, ఆవిడా ఎత్తలేదు. "నేను చూసుకుంటాను అక్కా" అన్నాను. పరీక్ష అయ్యేదాకా రావద్దని చెప్పాలి. నోరు రాలేదు.

పరీక్ష రోజు ఆవిడ టీషర్టు ఇస్త్రీ చేసుకుని వచ్చింది. ఎప్పుడూ చివర నిలబడే మనిషి, ఆ రోజు నన్ను నమ్మి వరస మధ్యలో నిలబడింది. ఒకపక్క పరీక్ష మేడం, ఇంకోపక్క మేనేజర్. నేను వేలెత్తాను. నాలుగు. ఐదు. నా వేలు ఆవిడ మీదుగా జరిగి పక్కమ్మాయి దగ్గర ఆగింది. ఆరు. అలా వెళ్లి పదకొండు దగ్గర ముగించాను. సరుకుల కంపెనీలు పంపే అమ్మాయిలు కూడా అప్పుడప్పుడు వరసలో నిలబడతారు కాబట్టి పరీక్ష మేడం ఏమీ అడగలేదు. రిజిస్టర్ చూసి తలాడించింది.

ఆవిడ నన్ను చూడలేదు. తల వంచి తన చేతులు చూసుకుంది. వెనక్కీ ముందుకీ తిప్పి, ఉన్నాయో లేవో అన్నట్టు చూసుకుంది. టోపీ తీసి కౌంటర్ మీద పెట్టి నడిచి వెళ్లిపోయింది. ఒక్క తల తిరగలేదు. తర్వాత సెక్యూరిటీ తాతని అడిగాను. "ఎవలు మేడం? నేనెవర్ని చూడలే" అన్నాడు.

నేను పాసయ్యాను. మేనేజర్‌కి ఆవిడ సంగతి చెబితే, "ఎవరామె?" అన్నాడు. రెజిమెంటల్ బజార్‌లో ఉంటుందని ఎవరో అంటే రెండు ఆదివారాలు చర్చి నుంచి అటే వెళ్లి తిరిగాను. కనిపించిన ప్రతి ఆడమనిషీ వెనక నుంచి ఆవిడలాగే ఉంది. ముందుకెళ్లి చూద్దామంటే, సిగ్గులేని బుర్ర, ఆ ముఖం మళ్లీ గుర్తు రాలేదు.

మొన్న మేనేజర్ ఇంకో కాగితం ఇచ్చాడు. ఒక పేరు కొట్టాలి. ఈసారి ప్రతి పేరుకీ ముఖం గుర్తొచ్చింది, పిల్లల చదువులతో సహా. అయినా కొట్టాను. మర్నాడు పొద్దున వేలెత్తి లెక్కపెడుతూ, దేవుడా, ఒకరు ఎక్కువ రావాలి అనుకున్నాను. మూడుసార్లు లెక్కపెట్టాను, అందరి ముందూ. పదిమందే ఉన్నారు.