యాక్సిలరేటరుకు కట్టిన పసుపు దారం

మొన్న హోసూరు నుంచి కృష్ణగిరికి కారులో పోతుంటే, మా అమ్మాయి స్టీరింగు మీద ఏదో మీట నొక్కి, ఇక కాలు తీసేసినా ఇదే వేగంతో పోతుందమ్మా అని నిశ్చింతగా చెప్పింది. శూలగిరి దాటేదాకా నేను కొంగు గుప్పిట్లో పట్టుకునే కూర్చున్నాను. భయమెందుకని నవ్వింది. దానికేమని చెప్పేది? తొంభైల్లో హోసూరు ఫ్యాక్టరీ సైరను విని పొయ్యి మీద ఎసరు పెట్టినవాళ్లు మీలో ఉంటే, మీకైనా చెప్పుకుంటాను.

అప్పట్లో మా ఆయన ప్రెస్సు మిషను కింద కుడిచేయి నలగ్గొట్టుకున్నారు. వేళ్లు మిగిలాయి గానీ వాటిలో పట్టు మిగల్లేదు. విడిభాగాల నమూనాలను కంపెనీ మోటారు సైకిలు మీద రోజూ కృష్ణగిరికి చేరవేసే పని ఇచ్చారు. గాలికి తిరిగే ఆ పనంటే ఆయనకు ప్రాణం. సగం దారిలో చేయి మొద్దుబారి యాక్సిలరేటరు పిడి జారిపోతోందన్న సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు. తెలిస్తే బండి లాక్కుని గేటు దగ్గర కుర్చీ వేస్తారని ఆయన దిగులు.

అందుకని పిడిని తిప్పినచోటే పట్టి ఉంచే లాకు కోసం వెతుకులాట మొదలైంది. బెంగళూరులో దొరికింది పెద్ద బండ్లదట, మా పిడికి వదులు. బ్రేకు మీటకు ఆనుకుని నిలిచే ప్లాస్టిక్ బద్ద తెస్తే, గతుకు వచ్చినప్పుడల్లా జారింది. చివరికి లేతు పనిచేసే స్నేహితుడు ఇత్తడి ఉంగరంలాంటిది చేసి, దానికొక మర పెట్టి, పిడి మొదట్లో బిగించాడు. చేయి తీస్తే నిలవాలి, వెనక్కి తిప్పితే వదలాలి. ఆ బిగువు కుదరడానికి ఇద్దరూ ఆదివారమంతా మా వాకిట్లో మరను వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నారు, నేనిచ్చిన కాఫీలు చల్లారిపోయాయి. మరునాడు కృష్ణగిరి వెళ్లొచ్చి, నొప్పి అనకుండా అన్నం కలుపుకుని తిన్నారు. చూసి నాకు కడుపు నిండిపోయింది.

ఆయుధపూజ వచ్చింది. ఆయన చేతికి బలమిచ్చింది ఆ ఉంగరమే కదా అని, బండికంతా గంధం కుంకుమ పెట్టి, దానికి మాత్రం పసుపు దారం మూడు చుట్లు చుట్టి పసుపుకొమ్ము కట్టాను. మరునాడు సెలవు. సంచి నిండా బొరుగులు పోసుకుని కృష్ణగిరిలో ఆడపడుచు ఇంటికి బయలుదేరుతుంటే, ఆయన దారం కొస పట్టుకుని, “ఇది ఈడ అడ్డమొస్తాంది, తెంచేస్తానమ్మే,” అన్నారు.

“తెంచకూడదప్పా. దానంతట అదే రాలిపోవాల,” అన్నాను. ఆయన దారం కొస వదిలేసి బండెక్కారు.

శూలగిరి దగ్గర దిగువలో గొర్రెల మంద రోడ్డు దాటుతోంది. ఆయన పిడిని వెనక్కి తిప్పారు, అది రాలేదు. దారం ఉంగరం సందులోకి దూరి బిగుసుకుపోయింది. ఎడంచేత్తో క్లచ్చు పట్టుకుంటే ఇంజను గుక్కపట్టి అరుస్తోంది, ముందు బ్రేకు నొక్కడానికి కుడిచేతిలో పట్టు లేదు, కాలి బ్రేకు ఒక్కటే దిక్కు. వెనక కూర్చున్న నేను ఆయన చొక్కా పట్టుకున్నాను. ఆయన బండిని పక్క మట్టిలోకి దింపేశారు. ఇద్దరం పడ్డాం. మోకాళ్లు గీరుకున్నాయి, హెడ్‌లైటు పగిలింది, బొరుగులు రోడ్డు పాలయ్యాయి, గొర్రెలు తీరిగ్గా వాటిని తిన్నాయి. ఆయన తాళం తిప్పి ఇంజను ఆపి, లాకు విప్పి, దారంతో సహా ఖాళీ సంచిలో వేశారు.

కంపెనీ బండి పడిన సంగతి విని మరునాడు సూపర్‌వైజరు ఇంటికే వచ్చారు. గొర్రెలు అంత దూరం నుంచి కనబడుతుంటే వేగం తగ్గించలేదేమని అడిగారు. ఆ సంచి గోడమేకుకు వేలాడుతోంది. దారం సంగతి నేనే చెప్పాలి. నేను ఆ సంచి వంకే చూస్తూ నిలబడ్డాను. మా ఆయన నా వైపు చూడకుండానే, “నా చేయే పట్టు తప్పింది సార్,” అన్నారు. ఇన్నాళ్లూ దాచిన మాటను నా కోసం బయటపెట్టేశారు.

వారం తిరిగేసరికి గేటు దగ్గర కుర్చీ వేశారు. రిటైరయ్యేదాకా ఆయన అందులోనే కూర్చుని, వచ్చేపోయే బండ్ల నంబర్లు ఎడంచేత్తో రాశారు. ఒక్కనాడైనా దెప్పలేదు. దెప్పి ఉంటే నాకు బాగుండేది.

ఇప్పుడు ఆ రోడ్డు వెడల్పయింది, వంతెనలు వచ్చాయి. మా అమ్మాయి బ్రేకు మీద కాలు ఆనించగానే కారు ఎంత సులువుగా మాట విందో! ఆయన వెళ్లిపోయి కొన్నేళ్లయింది. లాకు నా దేవుడి గూట్లోనే ఉంది, ఇత్తడి నల్లబడింది. దారం మాత్రం దానంతట అది రాలిపోలేదు. తెంచడానికి నాకు ఇప్పటికీ చేయి రావడం లేదు.