మొలపారి గదిలో నల్లపిల్ల పాటలు

మా మేనత్త పోయింది. ఈ పత్రికలో పిల్లల పుట చదివే అమ్మాయిలకు ఆమె ముఖం తెలియదు, పేరూ తెలియదు. కానీ కింద పేరు లేకుండా అచ్చైన నల్లపిల్ల పాటలను చప్పట్లు కొడుతూ పాడుకున్నవాళ్లకు ఆమె తెలిసినట్టే. ఆ పాటలు కట్టింది ఆమే. ఇక కొత్తవి రావు.

కబురు తెచ్చింది మా తమ్ముడు. కోవిల్‌పట్టిలో పొద్దుటి రైలెక్కి విరుదునగరం వచ్చి, మా గడప బయటే నిలబడ్డాడు. రమ్మన్నా లోపలికి రాలేదు. అప్పుడే నాకు తెలిసిపోయింది. "అత్త తెల్లారగట్ల పొయ్యింది అక్కా. నువ్వు వచ్చేదాకా ఎత్తరు. బయల్దేరు" అన్నాడు. నా కూతుర్ని వెంటబెట్టుకుని వాడితోనే మళ్లీ రైలెక్కాను. దారి పొడుగునా కిటికీలోంచి పత్తి తీసేసిన చేలు, ఎండకు నెర్రెలు విచ్చిన నల్లరేగడి. మా వైపు ఆ నేలను కరిసల్ అంటారు. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఎవరి మీదో అప్పటికి నాకే తెలియదు.

మాది కోవిల్‌పట్టికి తూర్పున, నాగలాపురం పోయే బాటలో ఓ పల్లె. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. తెలుగు చదవడం మాత్రం మాలో ఎవరికీ రాదు. నేను నేర్చుకున్నది పెళ్లై విరుదునగరం వచ్చాక, మా పక్కింటి రైలు గార్డు భార్య దగ్గర. ఆవిడది నెల్లూరు. మా మాటలు విని మొదట్లో పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. అత్త పాటలు నేను పాడి వినిపించాక నవ్వు ఆపి, పలక నా ముందుకు తోసి, "ముందు ఇవి రాయి, తర్వాత చాకలి పద్దు రాద్దువుగాని" అంది.

అత్త నలుపు. చామనఛాయ అని సర్దిచెప్పుకునే నలుపు కాదు, అసలు సిసలు నలుపు. శ్రీవిల్లిపుత్తూరు వైపు ఇచ్చి పెళ్లి చేస్తే, కొన్ని నెలలకే బండి కట్టి తెచ్చి పుట్టింట్లో దింపి పోయారు. మొగుడు ఎర్రగా ఉన్న పిల్లను మళ్లీ చేసుకున్నాడు. అత్త విధవా కాదు, కాపురం చేసుకునే ఆడదీ కాదు. మా నాయన ఇంట్లో వెనక గది ఆమెకిచ్చారు. చేనికి పోవడం, ఇంటికి రావడం. పెళ్లిళ్లకు పిలిచేవాళ్లు కాదు, పేరంటాలకు బొట్టు పెట్టేవాళ్లు కాదు. అందుకు ఆమె బాధపడుతుందేమోనన్న ఆలోచన కూడా ఎవరికీ ఉన్నట్టు నాకు గుర్తు లేదు.

అలాంటి మనిషికి ఊళ్లో ఒక్క గౌరవం దక్కింది. మారియమ్మ తిరునాళ్లకు మొలపారి పెంచే పని. కొత్త కుండల్లో కరిసల్ మన్ను, పేడ ఎరువు నింపి నవధాన్యాలు చల్లుతారు. ఎండ పొడ తగలకుండా మూసిన గదిలో ఉంచి నీళ్లు పోస్తారు. మొలకలు వెలుగు కోసం వెతుక్కుంటూ సన్నగా, పొడుగ్గా, పాలిపోయి లేస్తాయి. ఎంత పాలిపోతే అంత మంచి వాన అని మా ఊరి నమ్మకం. రోజూ సాయంత్రం ఆ గది బయట ఆడపిల్లలు గుండ్రంగా తిరుగుతూ చప్పట్లతో కుమ్మి కొడతారు. కుండలు చూసే మనిషి ఉపవాసం ఉండాలి, ఆ గది విడిచి కదలకూడదు, మగవాడి నీడ కూడా పడకూడదు. మొగుడు వదిలేసిన ఆడది దానికి బ్రహ్మాండంగా పనికొస్తుందని ఊరు కనిపెట్టింది. ఆపాటి తెలివి ఊరికి ఎప్పుడూ ఉంటుంది.

విరుదుపట్టి పేరు మారి విరుదునగరం అయిన కొత్తలో నాకు పదమూడో ఏడు. తిరుచ్చులి నుంచి ఎవరో నన్ను చూడవస్తామని కబురు పెట్టారు. తిరునాళ్లు అయిపోగానే వస్తారు. నాదీ అత్త నలుపే. మా అవ్వ, అంటే అత్తను కన్నతల్లి, మీగడ రాసింది, శనగపిండి రాసింది, చివరికి ముఖం మంటెత్తేదాకా పసుపు రుద్దింది. ఏదీ పని చెయ్యలేదు. ఒకరోజు మొలపారి గదిలోకి తొంగిచూసి, మొలకెత్తిన మినుములను చూసి ఆగిపోయింది. అప్పుడే ఆమెకు ఆ మహత్తరమైన ఆలోచన వచ్చింది.

"మినుము ఎంత నల్లది! ఈ గదిలో పెడితే ఎంత తెల్లగా వచ్చిండాదో చూడు. గింజే తెల్లబడితే పిల్ల తెల్లబడదా?" అంది అత్తతో. "దీన్ని ఈడనే పెట్టుకో. వాండ్లు వచ్చేదాకా ఎండ తగలగూడదు."

ఎవరూ నవ్వలేదు. మా నాయన కూడా తలూపాడు. నన్ను కుండల మధ్య కూర్చోబెట్టి తలుపు వేశారు.

తాటాకు కప్పు, మట్టిగోడలు, వంగి దూరాల్సిన తలుపు. తడి పేడ వాసన, నానిన గింజల వాసన, మా ఇద్దరి చెమట. గాలి ఎక్కడినుంచీ వచ్చేది కాదు. బయట నా తోటి పిల్లలు కుమ్మి కొడుతుంటే వాళ్ల కాళ్ల కింద నేల అదిరేది, ఆ అదురు గోడకు ఆనుకున్న నా వీపుకు తెలిసేది. పొద్దున లేవగానే తలుపు సందు దగ్గర చెయ్యి పెట్టి చూసుకునేదాన్ని. నేనేమీ తెల్లబడలేదు. తిండి సహించక నీరసపడ్డానంతే. అన్నిటికంటే ఘోరం, తెల్లబడితే బాగుండునని నేనూ కోరుకున్నాను. తెల్లబడితే తలుపు తీస్తారు కదా.

"అత్తా, నేను ఈడనే చచ్చిపోతానా?" అని ఓసారి వెక్కి వెక్కి ఏడ్చాను.

అత్త కుండల మీద నీళ్లు చిలకరిస్తూనే, "చావవులే. నేను చచ్చినానా? ఎన్నేండ్లుగా ఉండాను" అంది. ఆ మాట మామూలుగా, ఉప్పు అయిపోయిందని చెప్పినట్టు అంది. తర్వాత నా ముఖం చూసి నీళ్లకుండ పక్కన పెట్టి, నన్ను ఒళ్లోకి లాక్కుంది. కుండలు చూసే మనిషి కుమ్మి కొట్టకూడదు. అందుకని అరచేత్తో మోకాలి మీద మెల్లగా తడుతూ పాడింది.

కరిసల్ కాడ పుట్టిన పిల్లా, కంటికి కాటుక ఏమిటికే?
చీకటి నీకు చెల్లెలు గదనే, చెల్లిని చూసి బయమేలే?

నేను ఏడుపు ఆపి, "ఎవురు కట్టినారు ఈ పాట?" అన్నాను. "ఇప్పుడే పుట్టింది. నీదే" అంది. నాదే! నాకంటూ ఒక పాట ఉండటం ఏమిటో మీకు చెప్పలేను. ఆ తర్వాత రోజూ ఒకటి కట్టింది. పత్తి చేను మీద కట్టినది నా కూతురికి ఇప్పటికీ ఇష్టం.

పత్తిని చూసి పొగిడేవాండ్లు మట్టిని చూసి పొగడరే,
తెల్లని పత్తిని కన్నది ఎవురే? నల్లని నేలే గదనే!

ఒకరోజు మధ్యాహ్నం ఊరంతా కునుకు తీస్తున్నప్పుడు, అత్త రోలు బోర్లించి దానిమీద ఎక్కి, కప్పులో తాటాకు ఒకటి పక్కకు జరిపింది. అరచెయ్యంత వెలుగు నేల మీద పడింది. నా పేరున చల్లిన కుండను, నన్ను ఆ వెలుగులోకి జరిపింది.

"ఎండ తాగు కోడలా" అంది.

"అవ్వ చూస్తే?"

"చూడనీ. నన్ను చేసేదానికి ఇంగ ఏమి మిగిలుండాది?"

అప్పటినుంచి రోజూ ఆ ఆకు జరిగేది, మళ్లీ మూసుకునేది. తక్కిన కుండల్లో మొలకలు పాలిపోయి వాలుతుంటే, నా కుండలోవి పొట్టిగా, దట్టంగా, ముదురాకుపచ్చగా లేచాయి. వాటిని చూస్తుంటే భయమేసేది, సంతోషమూ వేసేది.

తిరునాళ్లు వచ్చింది. ఆడపిల్లలంతా తమ కుండలు తలకెత్తుకుని మారియమ్మ గుడికి పోవాలి. నా కుండను మా పెదనాయన కూతురు మోస్తుందని, నేను తలుపు చాటునే ఉండాలని అవ్వ తీర్మానించింది. అత్త ఒక్కొక్క కుండే బయటికి అందించింది. చివరికి నాది మిగిలింది. దాన్ని నా నెత్తిన పెట్టి, తలుపు బార్లా తీసి, నా వీపు మీద చెయ్యి వేసి ఒక్క తోపు తోసింది.

ఎండకు కళ్లు మూసుకుపోయాయి. డప్పు ఆగిపోయింది. "ఏందే ఇది, చేలో పైరు మాదిరి ఉండాది!" అని ఎవరో అన్నారు. అవ్వ గుండెలు బాదుకుంటూ వచ్చింది. "మొలపారికి ఎండ చూపించినావా? పిల్లకూ చూపించినావా? వాన రాకుంటే ఊరికి ఎవురే జవాబు చెప్పేది?"

అత్త గడప దాటకుండా, లోపలే నిలబడి చెప్పింది. "నేను చెప్తాను. పిల్లను దాచిపెట్టి వాన అడిగితే అమ్మ ఇస్తాదా? అంత తెలుపు కావాలంటే ముందు పొయ్యి అమ్మను చూడండి. ఆమె ఏ రంగులో ఉండాది?"

మా మారియమ్మది నల్లరాతి విగ్రహం, నూనె పెట్టి పెట్టి నిగనిగలాడుతూ ఉంటుంది. డప్పువాడు ముసలాయన, ఆయనే ముందుగా మళ్లీ దరువు వేశాడు. నేను నడిచాను. గుడి ముందు కుండ దించి, కుమ్మి కొట్టీ కొట్టీ అరచేతులు ఎర్రబడేదాకా తిరిగాను.

తిరుచ్చులివాళ్లు వచ్చారు, భోంచేశారు, కబురు పెడతామని వెళ్లి మళ్లీ కనిపించలేదు. వాళ్లకు నా దండాలు. ఆ ఏడు వాన ఎప్పటిలాగే పడింది. కానీ మరుసటి తిరునాళ్లకు మొలపారి గది తాళంచెవి ఇంకో ఆమె చేతికి ఇచ్చారు. వాన పడిందని అత్తను పిలిచి చెప్పినవాళ్లు లేరు. నాకు తలుపు తీసినందుకు ఆమెకున్న ఒక్క తలుపూ మూశారు. ఇది తలుచుకుంటే ఇవాళ్టికీ నాకు ఒళ్లు మండుతుంది.

ఆ తర్వాత ఆమె ఉన్నది వెనక గదిలోనే. అయితే ఊళ్లో నల్లపిల్లలు ఒక్కొక్కరే ఆ గది ముందున్న తిన్నె మీదికి చేరడం మొదలుపెట్టారు. చేతికి ఏ పని ఉన్నా, పిల్ల కనబడగానే ఆమె అడిగేది "తిన్నావా?" అని కాదు, "ఎండ తాగినావా?" అని. ఒక్కొక్కరికి ఒక్కొక్క పాట. ముందు పళ్లు ఊడి నోరు మూసుకు తిరిగే పిల్లకు ఇలా కట్టింది.

పల్లు ఊడిన నల్లపిల్ల పకపక నవ్వితే పండగే,
మూతి ముయ్యమని చెప్పేవాండ్ల మూతికి దొరకదు బెల్లమే!

ఆ పిల్ల ఊరంతా నవ్వుతూ తిరిగింది. నేనొకసారి "ఈ పిల్ల నల్లగా ఉన్నా బాగుండాది అత్తా" అంటే చేటతో నెత్తిన ఒక్కటి వేసింది. "ఉన్నా ఏమిటికి? నల్లగా ఉండాది, బాగుండాది. అంతే చెప్పు" అంది. ఆ దెబ్బ ఇప్పటికీ నాకు పనికొస్తోంది.

నేను రాసి పంపిన పాటలు మొదటిసారి అచ్చైనప్పుడు పత్రిక పట్టుకుని ఊరికి వెళ్లాను. ఆమె చేతులు పమిటకు తుడుచుకుని పుటను కళ్లకు దగ్గరగా పెట్టుకుంది. "అన్నీ నల్లగా ఉండాయే! మంచిది. తెల్లగా వేసుంటే ఎవురికి కనపడతాది?" అని చాలాసేపు నవ్వింది. నాతో విరుదునగరం రమ్మన్నాను, రైలు ఎక్కిస్తానన్నాను. "నేను వస్తే ఇల్లు ఎవురు చూస్తారు?" అంది. ఆ ఇంట్లో దొంగలకు పనికొచ్చేది ఏమీ లేదు. ఆమెను పట్టుకుని ఆపేవాళ్లు కూడా అప్పటికి ఎవరూ మిగల్లేదు. అవ్వ పోయింది, నాయన పోయాడు. అయినా అత్త ప్రతిసారీ గడప దాకా వచ్చి, అక్కడే ఆగి, నా బండి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడేది.

"అందరికీ కట్టినావు. మరి నీ పాట ఏది అత్తా?" అని ఆ రోజే అడిగాను.

"కట్టిన దానికి పాట ఏమిటికే? మీరు పాడతా ఉండారు, నేను వింటా ఉండాను" అంది.

మేం ఊరు చేరేసరికి పొద్దు వాలుతోంది. ఆమెను వాకిట్లో పడుకోబెట్టారు. మొగుడు ఎక్కడో బతికే ఉన్నాడు కనుక ఆమె పుణ్యస్త్రీ అట. బతికున్నన్నాళ్లూ గుర్తురాని సంగతి అప్పుడు అందరికీ గుర్తొచ్చింది. ఏ పేరంటానికీ ఆమెకు బొట్టు పెట్టని చేతులు ముఖమంతా పసుపు మెత్తాయి. ఎంత మందంగా మెత్తాయంటే, ఎవరో పచ్చటి పరాయి మనిషి పడుకున్నట్టుంది. మా అత్త అక్కడ లేదు.

నా చేతిసంచిలో తువ్వాలు ఉంది. బిందెలో ముంచి పిండి ఆమె తల దగ్గర కూర్చున్నాను.

"అయ్యో, పసుపు తుడవగూడదమ్మా, అరిష్టం" అంది ఒకామె. నా చెయ్యి పట్టుకోబోయింది. ఇంతకాలం అన్నీ చూస్తూ నోరెత్తని మా అమ్మ, గోడకు ఆనుకున్నదల్లా లేచి, "తుడవనీండి. దాని మొగం దానికి ఇయ్యండి" అంది.

నుదురు తుడిచాను, చెంపలు తుడిచాను, గడ్డం తుడిచాను. నల్లటి ముఖం తడితో మెరుస్తూ బయటికి వచ్చింది. తిన్నె మీద నిలబడ్డ పిల్లలు దగ్గరికి జరిగారు. నా కూతురు వంగి చూసి, తన చెయ్యి ఆ చెంప పక్కన పెట్టుకుని, "అమ్మా, అవ్వ నా మాదిరే ఉండాది" అంది. అప్పుడు ఏడ్చాను.

ఆ తువ్వాలు ఇప్పుడు విరుదునగరంలో మా పెరటి దండెం మీద ఉంది. కుంకుడుకాయతో ఉతికాను, చాకలికి కూడా వేశాను. పసుపు పోలేదు. ఆమె ముఖం మీదినుంచి మాత్రం ఒక్క తుడుపుకే పోయింది.