పాముచెవుల మేస్త్రి విన్న కొత్త ఆల్బమ్

బట్టల కార్ఖానాలో కుట్టుమిషన్లు బాగుచేసే మేస్త్రికి పాముచెవులని పేరు. స్క్రూడ్రైవరు మొన మిషను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, లోపల ఏది అరిగిందో చెప్పేసేవాడు. విప్పి చూస్తే అదే అరిగి ఉండేది. ముప్పై ఏళ్లు అలా సాగాక మనిషికి కాస్త పొగరు రాకుండా ఉంటుందా? వచ్చింది. కాస్త కాదు, బాగానే వచ్చింది.

ఆయనకు ఇంకో పిచ్చి కూడా ఉంది. పెళ్లికి ముందు నుంచీ ఒకే ఒక్క రాక్ గాయకుడు. ఆ గాయకుడికిప్పుడు డెబ్బై దాటాయి, పదకొండేళ్లుగా కొత్త పాట లేదు. ఈ ఏడాది ఆల్బమ్ వస్తోందని తెలిసిన రోజు నుంచి మేస్త్రి నోట్లో నువ్వుగింజ నానలేదు. సూది విరిగిందని పిలిచినా, "మా పెద్దాయన వచ్చేస్తున్నాడు, శుక్రవారం!" అనేవాడు. అందరూ తప్పించుకు తిరిగేవారు. మూడో వరుసలో కుట్టే ఆవిడ మాత్రం విసుక్కోకుండా, "ఎన్ని పాటలన్నయ్యా?" అని అడిగేది.

ఆ ఆవిడే సోమవారం తన మిషను సన్నగా కూస్తోందని చెప్పింది. మేస్త్రి స్క్రూడ్రైవరు పెట్టి విన్నాడు. ఏమీ లేదు. మర్నాడు మళ్లీ చెప్పింది. మళ్లీ విన్నాడు, ఏమీ లేదు. కుట్లు తప్పుతున్నాయని సూపర్‌వైజరు అప్పటికే ఆమె మీద గుర్రుగా ఉన్నాడు.

"మిషను లక్షణంగా ఉంది. ఆడలేక మద్దెల ఓడు అందట మా చెల్లెమ్మలాంటిదే!" అన్నాడు మేస్త్రి, అందరికీ వినపడేలా.

సూపర్‌వైజరొక్కడే నవ్వాడు. ఆ సాయంత్రమే ఆమెను దారాలు కత్తిరించే బల్లకు మార్చాడు. కొత్తగా చేరినవాళ్లు చేసే పని అది. ఆమె కత్తెర తీసుకుని వెళ్లింది.

శుక్రవారం మేస్త్రి సగంరోజు సెలవు పెట్టాడు. సీడీ తెచ్చి, ముందుగదిలో పాత స్పీకర్లకు ఎదురుగా కుర్చీ వేసుకుని, కూతురిని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. రెండు పాటలయ్యేసరికి ముఖం మాడిపోయింది.

"పెద్దాయన పని అయిపోయిందే. డ్రమ్ముల పక్క ఇత్తడి పళ్లెం మీద ఒక్క దెబ్బ లేదు. గిటారు నోట్లో గుడ్డ కుక్కినట్టుంది."

"పళ్లెం మొదటి నుంచీ మోగుతూనే ఉంది కదా నాన్నా."

"నాకు చెబుతున్నావా? పాత ఆల్బమ్ పెట్టు, తేడా నీకే తెలుస్తుంది."

పెట్టింది. మేస్త్రి కళ్లు మూసుకుని, పళ్లెం మోగిన ప్రతిచోటా తల ఊపాడు. "అదీ! అదీ దెబ్బంటే!"

కూతురు మెల్లగా అంది. "ఈ పాతది పెట్టేటప్పుడే సన్నశబ్దాలు పెంచే మీట సున్నాకి తిప్పేశాను నాన్నా. నాకే పళ్లెం వినపడట్లేదు. నీకెలా వినపడుతోంది?"

పాత పాటలన్నీ మేస్త్రికి కంఠతా వచ్చు. చెవి వదిలేసిన చోటల్లా జ్ఞాపకం మోగించి పెడుతోంది. కొత్త పాటకు ఆ సాయం లేదు. ఇది అర్థమవగానే మేస్త్రికి గాయకుడు గుర్తుకు రాలేదు, మూడో వరుస గుర్తుకొచ్చింది. తన సామెత తనకే వచ్చి తగిలింది. ఆ పూట అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు.

శనివారం పొద్దున్నే వెళ్లి, చెవి పెట్టకుండా ఆ మిషను విప్పాడు. బేరింగు అరిగి చేతిలోకి ఊడివచ్చింది. కొత్తది బిగించాడు. అందరూ వచ్చాక దారాల బల్ల దగ్గర నిలబడి, అప్పుడెంత గట్టిగా అన్నాడో అంత గట్టిగానే అన్నాడు.

"మద్దెల ఓడే చెల్లెమ్మా. నా చెవీ ఓడే. నాకు సన్నకూత వినపడదు. తప్పు నాది."

సూపర్‌వైజరు గొంతు సవరించుకుని, ఆమెను మిషను దగ్గరికి వెళ్లమన్నాడు. ఆమె లేవలేదు. మేస్త్రికి మాత్రమే వినపడేలా దగ్గరికి వంగింది.

"ఎందుకన్నారన్నయ్యా అందరిలో? మాకు ఏడాదిగా తెలుసు. కూసిన మిషన్లకు మేమే నూనె పోసుకుంటున్నాం. నా మిషను కూత నూనెతో ఆగలేదు కాబట్టి చెప్పాను. మూడోసారి చెబితే మీ పేరు పోతుందని ఊరుకున్నాను."

మేస్త్రి వరుసల వైపు చూశాడు. ఒక్కరూ తలెత్తలేదు, అందరూ చేతిలోని గుడ్డనే చూస్తున్నారు. తల కొట్టేసినట్టయింది ఆయనకు.

ఆమె కత్తెర బల్ల మీద పెట్టి లేచింది.

"ఇంతకీ పాటలెలా ఉన్నాయన్నయ్యా?"

"తెలియదు చెల్లెమ్మా," అన్నాడు మేస్త్రి. "నాకు సగమే వినపడ్డాయి."