సోనియా కుడి చెవి

పుట్టిన మూడో రోజున సోనియా పాలు తాగడం మానేసింది. ఏడుపు కూడా సన్నబడిపోయింది. తల్లి జూలియా బిడ్డ పాదం పట్టుకుని చూసింది.

"అత్తా, పాప ఒళ్ళు చల్లగా ఉండాది. రా, చూడు!"

అత్త ఎస్తరమ్మ బిడ్డను కొంగులో చుట్టుకుంది. జూలియా భర్త ప్రిన్స్ ఆటో తెచ్చాడు. ఛాంపియన్ రీఫ్‌లోని పాత బంగారు గని క్వార్టర్స్ నుంచి కోలారు ఆసుపత్రి చేరేదాకా ఎస్తరమ్మ బిడ్డ పాదాలు రుద్దుతూనే ఉంది.

రక్తంలో ఇన్ఫెక్షన్ అన్నారు. అది మెదడు పొరలకు కూడా పాకిందన్నారు. ఇరవై ఒక్క రోజులు సూదులు వేశాక పాప బతికింది.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ అంది: "ప్రాణం దక్కిందమ్మా. అయితే దీని దెబ్బ ఎప్పుడు బయటపడుతుందో ఇప్పుడే చెప్పలేం. మూడో నెలలో చెవుల పరీక్షకు తీసుకురండి. బడికి పోయేదాకా చూపిస్తూ ఉండండి."

అది 2020 మార్చి. పది రోజులకే లాక్‌డౌన్ వచ్చింది. మూడో నెల అలాగే దాటిపోయింది.

జూలియాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాకుండా పోయింది. పక్కింటి బిడ్డ మెడ నిలిపిందంటే పరుగున వచ్చి సోనియాను ఎత్తి చూసుకునేది. పాప వెనక నిలబడి స్టీలు పళ్ళెం మీద గరిటెతో కొట్టేది. పాప ఉలిక్కిపడి తిరిగితే అమ్మయ్య అనుకునేది. గంట గడిచేసరికి మళ్ళీ కొట్టేది.

"ఇంగ చాలు నిలుపే! ఆ సద్దుకు నా చెవులు పోయేట్టుండాయి" అనేది ఎస్తరమ్మ.

నడక పదహారో నెలలో వచ్చింది. మాటలు రెండేళ్ళు దాటాక వచ్చాయి. ఒకసారి కోలారు పోదామని జూలియా అంటే ప్రిన్స్ విసుక్కున్నాడు. "పళ్ళెం కొడితే తిరుగుతాది కదా. ఇంగ ఏం పరీక్ష?"

ఆ మాట నమ్మాలనే అనిపించింది ఆమెకు. అప్పటికి వేమగల్‌లో ఫ్యాక్టరీ పనికి చేరింది. సెలవు దొరకడం కష్టమైంది.

ఒకటో తరగతిలో టీచరు మీనాక్షమ్మ పిలిపించింది. "పిలిస్తే పలకదమ్మా. చెప్పినదాంట్లో సగమే రాస్తాది. మొండితనం ఎక్కువుండాది." ఆ సాయంత్రం జూలియా కూతురిని ఒక దెబ్బ వేసింది. సోనియా గోడవైపు తిరిగి పడుకుంది.

వారం తర్వాత ప్రిన్స్ బెంగళూరు రైల్లోంచి ఫోన్ చేశాడు. జూలియా రాగి సంగటి కెలుకుతోంది. ఎడమ చేత్తో ఫోన్ తీసి, పక్కన నిలబడ్డ కూతురి కుడి చెవికి పెట్టింది.

"డాడీ మాట్లాడలే" అంది సోనియా.

ప్రిన్స్ గొంతు జూలియాకు స్పష్టంగా వినిపిస్తోంది. ఫోన్ ఎడమ చెవికి మార్చింది. సోనియా కిసుక్కున నవ్వింది. జూలియా మళ్ళీ కుడి చెవికి పెట్టింది.

"డాడీ పోయినాడు."

సంగటి అడుగంటింది.

మర్నాడు కంపెనీ బస్సు ఎక్కలేదు. కూతురిని తీసుకుని కోలారు పోయింది. పరీక్ష అయ్యాక డాక్టరమ్మ చెప్పింది, కుడి చెవి దాదాపు పనిచేయడం లేదని, అది పసితనంలో వచ్చిన జబ్బు దెబ్బే అయి ఉంటుందని.

"నేను పళ్ళెం కొట్టినాను మేడం. దినమూ కొట్టినాను."

"అంత చప్పుడుకు ఒక చెవే చాలమ్మా. అట్లా ఇంట్లో కనిపెట్టేది కాదిది. ముందే వచ్చుంటే బాగుండేది. ఇప్పుడైనా వచ్చినారు."

మీనాక్షమ్మ ఆసుపత్రి కాగితం రెండుసార్లు చదివింది. "మొండి అన్నాను కదమ్మా" అని తల దించుకుంది. సోనియా ఎడమ చెవి తనవైపు ఉండేట్టు ముందు బెంచీలో కూర్చోబెట్టింది. రెండు నెలలకు డిక్టేషన్‌లో తప్పులు తగ్గాయి.

లెక్కల్లో మాత్రం ఆరునూ తొమ్మిదినీ ఇంకా తారుమారు చేస్తుంది. అదీ ఆ జబ్బు పనేనా, ఈ వయసు పిల్లలందరూ అంతేనా అని జూలియా అడిగితే, ఆర్నెల్ల తర్వాత చూద్దామంది డాక్టరమ్మ. ఆ ఆర్నెల్లు ఎలా గడపాలో జూలియాకు తెలియలేదు. రోజూ పలక ముందేసుకుని, కూతురి వేళ్ళనే చూస్తూ కూర్చుంటుంది.

సోనియాకు ఇవేవీ పట్టవు. ఇంటికి కొత్తవాళ్ళెవరైనా వస్తే చెయ్యి పట్టి తన ఎడమవైపుకు లాగుతుంది. "ఈ పక్క ఉండాది నా చెవి. ఇట్లొచ్చి మాట్లాడు."