థాంక్స్ చెప్పడానికి అమ్మ వెళ్లిన రోజు

ఇంటర్వ్యూ అయ్యాక థాంక్స్ చెబుతూ మెయిల్ పెట్టాలట. ఫోన్లో చూసి తెలుసుకున్నాను. రాజ్‌కిశోర్ నగర్‌లో ఒక ప్రైవేటు స్కూలు, లెక్కల టీచరు పోస్టు. ప్రిన్సిపాల్ మేడం చివర్లో, "మధ్యలో వదిలేసి పోరు కదా?" అని అడిగింది. పోనన్నాను. ఎక్కడికి పోతాను, నా మొహం! రైల్వే పరీక్షలు రాసీ రాసీ వయసే దాటిపోయింది. తిరిగిన స్కూళ్లన్నీ చూద్దామన్నాయి. రేపు కబురు చేస్తానన్నది ఈవిడ ఒక్కతే.

నాలుగు ముక్కల మెయిల్‌కి పొద్దున్నంతా పట్టింది. "మీ విలువైన సమయం" అని రాయడం, మరీ కాకా పట్టినట్టుందని కొట్టేయడం. బెండకాయలు తరుగుతున్న అమ్మ, "ఏటే అంతసేపు?" అంది. చెప్పాను.

"అచ్ఛా! థాంక్స్ ఫోన్లో చెప్తారేటి? మనిషి ఎదురుగా వెళ్లి చెప్పాల గానీ."

మెయిల్ పంపేసి కునుకు తీశాను. లేచేసరికి అమ్మ లేదు. పొద్దున్న వేయించిన బెల్లం గవ్వల డబ్బా కూడా లేదు. అప్పుడే మేడం జవాబు వచ్చింది.

"మీ అమ్మగారు వచ్చి థాంక్స్ చెప్పారు, సంతోషం. మీకు రైల్వేలో పోస్టింగు వచ్చేదాకా మా దగ్గర చేస్తారన్నారు. మాకు నిలకడగా ఉండేవాళ్లు కావాలి. క్షమించండి."

ఏ రైల్వే? ఏ పోస్టింగు? మళ్లీ చదివాను.

అమ్మ వెలిగిపోతూ వచ్చింది. "ఎంత మంచావిడే! టీ ఇచ్చింది."

"రైల్వే ఉద్యోగమని ఎందుకు కోతలు కోశావమ్మా? నాకు వయసు దాటిపోయిందని నీకు తెలీదూ?" అని అరిచాను.

"తెలుసు. మరీ గతిలేక వచ్చినామనుకుంటే మనకేటి మర్యాద? మీ నాన్న రైల్వే షెడ్డులో అంత పేరు తెచ్చుకున్నోరు..."

ఒళ్లు మండిపోయి మెయిల్ చదివి వినిపించాను. అమ్మ మొహం పాలిపోయింది.

"పోయినట్టేనేటే?"

"పోయినట్టే."

కుర్చీలో కూలబడింది. కాసేపటికి లేచి, విప్పిన చెప్పులు మళ్లీ వేసుకుంది. "మళ్లీ వెళ్తాను. అబద్ధమాడినాను మేడం, మా పిల్లకింకే గతీ లేదని చెప్పీసి వస్తాను."

పక్కింట్లో చారెడు చక్కెర అడగడానికి కూడా నామోషీ పడే మనిషి మా అమ్మ. మా పేట తార్‌బహార్‌లో ఎవరి ముందూ తల వంచి ఎరగదు. వద్దమ్మా అనాలనుకున్నాను. చెయ్యి పట్టుకుని ఆపాలనుకున్నాను. కానీ ఆ ఉద్యోగం నాకు కావాలి.

"ఆటో పిలవనా?" అన్నాను.