ఇస్త్రీ చేసిన నోటు

ప్రతి ఆదివారం పొద్దున్నే హన్మకొండలో ఒక టీ కొట్టు దగ్గర మేం నలుగురం దేశదేశాల నోట్లు ముందేసుకుని కూర్చుంటాం. మాలో ఒకడు వారం రోజులు చూసుకుని ఇస్తానని నా ఆస్ట్రేలియా ప్లాస్టిక్ నోటు తీసుకెళ్లాడు. తిరిగి తెచ్చేసరికి అది ముడుచుకుపోయి బస్సు టికెట్టంత అయింది.

“నడుమ మడతుంటే ఇస్త్రీ చేసిన అన్నా,” అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. “ప్లాస్టిక్ మీద ఎవడన్నా ఇస్త్రీపెట్టె పెడ్తడారా? జర బుద్ధుండొద్దా?” అని కొట్టంతా వినపడేలా అరిచాను.

“మడత పోవాలంటే ఇస్త్రీ చెయ్యాలని నువ్వే చెప్తివి గదన్నా!”

చెప్పాను. కాగితం నోట్లకేనని మాత్రం చెప్పలేదు.

నోటు పోయిన కోపం నెలకే చల్లారింది. ఆ మాట అందరి ముందు అన్నాడన్న కోపం ఇంకా అట్లాగే ఉంది.