బాత్రూం లేని ఇంట్లో బాత్రూం రేడియో

మా చిన్నప్పుడు మా ఇంట్లో బాత్రూం లేదు... బాత్రూం రేడియో మాత్రం ఉండేది.

అక్కుపల్లి దగ్గర, సముద్రం ఒడ్డున మా ఇల్లు. పెరట్లో కొబ్బరి కమ్మల దడి, లోపల ఒక బండరాయి, నీళ్ళ గోలెం... అదే మా స్నానాల చోటు. ఓడల మీద పనికి వెళ్ళిన మా మేనమామ సెలవుకు వస్తూ ఆ రేడియో తెచ్చాడు. సీడీలు అప్పుడే కొత్తగా చూస్తున్న రోజులు. తెల్లగా ముద్దుగా ఉండేది, సీడీలూ మోగించేది. నీళ్ళు చిందినా పాడవదట... వెనక గోడకు అంటించే రబ్బరు బిళ్ళలున్నాయి. నున్నటి గోడ మాకెక్కడిది? అయ్య వల తాడు ముక్కతో దడి రాటకు కట్టేశాడు.

మావయ్య అమ్మను కూర్చోబెట్టి అన్నీ నేర్పాడు. లావు బ్యాటరీలు ఎటు తిప్పి వెయ్యాలో, సీడీ ఎలా పెట్టాలో...

"ఈ రబ్బరు మూత గెట్టిగా నొక్కాల అప్పా, లేకపోతే నీరు దూరిపోద్ది. సీడీ ఊరికే తిప్పకు, బ్యాటరీలు తినేత్తాది. రేడియో అయితే సానా రోజులొత్తాది."

సీడీ ఒక్కటే ఉండేది... సన్నాయి మేళం. అయ్య చేపల వేట నుంచి వచ్చి ఒంటి మీద ఉప్పు కడుక్కుంటూ అది పెట్టించుకునేవాడు. "ఓలే, మల్లీ పెల్లికొడుకునైపోనాను!" అని దడి లోపలి నుంచి కేక. "సాల్లే పెల్లికొడకా, నీల్లు సల్లారిపోతన్నాయి" అని అమ్మ.

అయ్యకు ఒకటే కోరిక... దాన్ని పడవ మీదకు తీసుకెళ్ళాలని. "నీల్లకి ఆగుతాది కదే. గాలి కబురు తెలుస్తాది నాకు."

"అది తానం నీల్లకి. సముద్రం నీల్లకి కాదు. ముట్టుకున్నావంటే ఊరుకోను" అనేది అమ్మ. ఇవ్వలేదు.

ఒకరోజు పొద్దున్న... అయ్య ఇంకా చీకటుండగానే వేటకు వెళ్ళిపోయాడు. అమ్మ దడిలో తల రుద్దుకుంటోంది. నేను బయట తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను. రేడియోలో పాట మధ్యలో ఆగిపోయింది. వాయుగుండం అన్నారు... ఈదురు గాలులన్నారు... మత్స్యకారులు వేటకు వెళ్ళరాదన్నారు...

లోపల చెంబు పడిన చప్పుడు వినబడింది.

తడిచీరతో, తల మీద కుంకుడు నురగతో అమ్మ బయటకు వచ్చింది. కత్తిపీట తెచ్చి తాడు కోసేసి, రేడియో పట్టుకుని ఒడ్డుకు పరుగెత్తింది. వెనకాలే నేను.

అప్పటికే గాలి లేచింది. ఆకాశం చూసి తక్కిన పడవలు ఒక్కొక్కటీ వచ్చేశాయి. అయ్య పడవ రాలేదు... వాన తెర కట్టేసింది. కెరటాల అవతల ఏమీ కనిపించడం లేదు. ఎదురెళ్ళి చూసే దారి ఎవరికీ లేదు.

"నాను ఇచ్చుంటే కబురు ఇనేవోడు... నాను ఇచ్చుంటే..." అమ్మ నోట అదే మాట.

ఊళ్ళో ఉన్న తక్కిన రేడియోలను వానకు భయపడి ఇళ్ళలోనే ఉంచారు. ఆ వానలో మోగేది మాదొక్కటే. "ఆపకే, ఇంకో కబురు సెప్తారేమో" అంది పక్కింటి పోలమ్మత్త. అమ్మ వినలేదు. సీడీ మీట నొక్కింది. హోరుగాలిలో సన్నాయి మేళం...

"నీకు మతి పోనాదేటే? మొగుడు గంగలో ఉంటే పెల్లి మేలం పెడతావా!" అని అత్త కొట్టినంత పని చేసింది.

"ఒడ్డు కనబడనోడికి ఒడ్డు ఇనబడాల కదా వొదినా... ఈ మేలం ఆడికి తెలుసు."

అమ్మ రేడియోను రెండు చేతులతో తల మీదకు ఎత్తి, సముద్రం వైపు తిప్పి పట్టుకుంది. కుంకుడు రసం కళ్ళలోకి కారుతున్నా తుడుచుకోలేదు. "ఒడ్డెమ్మట నడిసెల్లే... ఎంత దూరం ఇనబడతాదో సూసి రా" అని నన్ను పంపింది.

నేను నడిచాను. లాగిపెట్టిన పడవలు నాలుగు దాటేసరికి సన్నాయిని గాలి మింగేసింది... వెనక్కి వచ్చి అమ్మ ముందు నిలబడ్డాను. అమ్మ నా మొహం చూసింది. చేతులు ఇంకా పైకెత్తింది.

కాసేపటికి సీడీ ఆగిపోయింది. రేడియో నొక్కితే గరగర... తర్వాత అదీ లేదు. అప్పుడు అమ్మ నోటితోనే ఆ మేళం ఎత్తుకుంది. నలుగురిలో గొంతు విప్పని మనిషి... పీపీమంటూ, ఏడుపుకీ పాటకీ తేడా తెలియకుండా... తిట్టిన పోలమ్మత్తే పక్కన నిలబడి తానూ కలిపింది.

ఆ పూట గడిచింది. రాత్రీ గడిచింది.

మర్నాడు మధ్యాహ్నం అయ్య మందస వైపు నుంచి బస్సుల్లో వచ్చాడు... పడవ ఎక్కడో ఉత్తరాన ఉన్న డొంకూరు ఒడ్డు దాకా కొట్టుకుపోయిందట. ఎవరిదో చొక్కా ఒంటి మీద ఉంది. అమ్మ అడిగిన మొదటి మాట ఒక్కటే.

"మేలం ఇనబడిందా?"

"ఏ మేలం? గాలి హోరు తప్ప ఏటీ లేదు."

అమ్మ గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. ఎంత ఏడ్చిందో...

పడవ బాగుపడి అయ్య మళ్ళీ వేటకు వెళ్ళేరోజు, పలాస నుంచి కొత్త బ్యాటరీలు తెప్పించి, రేడియోను ప్లాస్టిక్ కవరులో చుట్టి, పడవలో అమ్మే స్వయంగా కట్టింది. చిందిన నీళ్ళకు ఆగింది కానీ, ఉప్పుకు ఆగలేదు. వానలు వెళ్ళేలోపే తుప్పు తినేసింది.

ఇప్పుడు నా కాపురమూ ఒడ్డు మీదే. మా ఆయనా బోటు మీదకే పోతారు. గాలి కబురు ముందురోజే ఫోన్లోకి వచ్చేస్తుంది... అయినా కబురు ముందొస్తుందో, గాలి ముందొస్తుందో!

మీ ఇళ్ళలో ఆ రోజుల్లో గాలి కబురు ఎలా తెలిసేది? మీ అమ్మలు ఏం చేసేవారు? చెప్పండి...

మా స్నానాల గదికి ఇప్పుడు టైల్సున్నాయి, తలుపుంది, గొళ్ళెముంది. ఆయన వేటకు వెళ్ళిన రోజు మాత్రం ఆ గొళ్ళెం పెట్టుకోను...

పరుగెత్తాల్సి వస్తే, అది తీసే వ్యవధి కూడా ఉండదని.